సందుకీ మోరీకీ మధ్య

హోసూరు పాత బజారులో నేను కూర్చున్న చోటు ఒక గోనెపట్టా పరిస్తే నిండిపోయేది. ఒకపక్క సందు, ఒకపక్క మోరీ. ఆ రెంటి మధ్యా ఇద్దరమే. నిమ్మకాయలూ కరివేపాకూ అమ్మే అక్క సందు వైపు, నేను మోరీ వైపు. మంచి చోటేమీ కాదు. మురికినీళ్ళ పక్కన కూర్చోవడానికి ఎవరూ రాలేదు కాబట్టే అది నాకు దొరికింది. అయినా దాని మీదే ఇద్దరు ఆడబిడ్డలను పెంచాను. ఆ చోటు పోతుందన్నప్పుడు నేనేం చేశానో చెప్పాలని చాలా ఏళ్ళుగా ఉంది. నాకు సంతకం తప్ప రాయడం రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది.

మా ఊరు అత్తిముగం పక్కన. కొంచెం మెట్టచేను ఉండేది. రాగి వేసి, సాళ్ళ మధ్య అనప చిక్కుడు వేసేవాళ్ళం. మా ఆయన లారీకి మూటలు ఎక్కించే పనికి పోయి, మూటతో సహా కిందపడి ప్రాణం పోగొట్టుకున్నాడు. దాని గురించి ఇంతకంటే చెప్పను. అడిగినవాళ్ళకల్లా చెప్పి చెప్పి ఆ మాట అరిగిపోయింది. చేను మరిది చేతికి పోయింది. అనపకాయలు మాత్రం నన్ను కోసుకోనిచ్చాడు. అది దయో, కోతకూలి మిగులుతుందనో నాకు తెలియదు. ఆ కాయలు గంపకెత్తుకొని హోసూరు బస్సెక్కాను.

మొదటిరోజు ఎక్కడ గంప దించబోయినా ఎవరో ఒకరు పొమ్మన్నారు. పొద్దున్నే బోడిమెడ ఎదురుగా కూర్చుంటే బేరం సాగదని ఒకామె నా ముఖం మీదే అనింది. బజారు ఆ చివరినుంచి ఈ చివరికి వచ్చేసరికి మెడ పట్టేసింది. అప్పుడు మోరీ దగ్గర కూర్చున్న ఒకామె తన నిమ్మకాయల రాశిని రెండు చేతులతో సందు వైపుకి జరిపింది.

"ఈడ దించుమ్మే. మోరీ కంపు కొడతాది. నీకు ముక్కుండాదా?"

"ఉండాదక్కా."

"అయితే నాలుగు దినాలు ఓర్చుకో. నా ముక్కు ఎప్పుడో పోయింది."

గంప దించి కాయలు కుప్ప పోశానో లేదో గేటు వసూలు చేసే మనిషి వచ్చాడు. కొత్త ముఖం చూసి, ఇదెవరి చోటు అన్నాడు. నాదే అన్నాను. అక్క నా తొడ మీద గిల్లింది. అరవలేదు గానీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె అతనితో, "ఆ చోటు ఆమెదప్పా. ఇంక ఆమె ఈడే కూర్చుంటాది" అని చెప్పి పంపేసింది. అతను పోయాక నా వైపు తిరిగింది.

"నీ చోటు నీ నోటితో చెప్పకూడదు. పక్కన కూర్చున్నది చెప్పాల. నాది నాది అన్న బజారు నిలవదంట."

ఆ కట్టుబాటు నాకు మెల్లగా అర్థమైంది. గోనె గోనె తగిలేట్టు కూర్చున్నవాళ్ళే ఒకరి చోటు ఇంకొకరు చెప్పాలి. ఎదుటి వరస వాళ్ళు చెప్పకూడదు, రెండు గోనెల అవతలివాళ్ళూ చెప్పకూడదు. ఎవరైనా కాన్పుకో జ్వరానికో పది రోజులు రాకపోతే ఆ చోటు ఖాళీగానే ఉండేది. అడిగినవాళ్ళకి పక్కామె, ఆ చోటు ఫలానా ఆమెది, వస్తుంది, అనేది. క్యారెట్లమ్మే ఇద్దరు తోడికోడళ్ళు మూడేళ్ళు మాట్లాడుకోలేదు. అయినా ఎవరైనా అడిగితే ముఖం గోడ వైపు తిప్పుకొని, "ఆమెదే" అనేవాళ్ళు. పేరు పెట్టి చెప్పేవాళ్ళు కాదు, అంతే.

మాకు పక్కన ఇంకెవరూ లేరు. సందు మాట్లాడదు, మోరీ మాట్లాడదు. అందుకని అక్క చోటు నేను చెప్పాలి, నా చోటు అక్క చెప్పాలి. ఇంకో నోరు లేదు.

చలికాలంలో నాకు పని ఎక్కువ. ముదిరిన అనపగింజలు ముందురోజే నీళ్ళలో వేసి, బజారులో కూర్చుని ఒక్కొక్కటీ వేళ్ళ మధ్య పెట్టి పితుకుతాను. తోలు చేతిలో మిగులుతుంది, పప్పు గిన్నెలో పడుతుంది. ఇంట్లో అంత ఓపిక లేని అమ్మగార్లు పితికిన పప్పే అడుగుతారు. సాయంత్రానికి వేళ్ళ చివరలు ముడతలు పడి తెల్లగా అయిపోతాయి. అక్క వాటిని చూసి, నీళ్ళలో దొరికిన శవం వేళ్ళలాగ ఉండాయి అనేది. ఆమె నోరు అంత. నేను కూడా ఊరుకునేదాన్ని కాదు. కరివేపాకు మీద ఆమె చిలకరించే నీళ్ళు నా గోనె మీద పడితే ఆ రోజు ఇద్దరికీ మాటలుండేవి కావు. మధ్యాహ్నం సంగటి తినే వేళకి మళ్ళీ ఉండేవి.

అట్లా ఏళ్ళు పోయాయి. ఫ్యాక్టరీలు వచ్చాయి. ఎక్కడెక్కడి మనుషులో వచ్చి హోసూరులో గదులు తీసుకున్నారు. బజారు వీధిలో సైకిళ్ళూ లారీలూ మనుషులూ ఒకరినొకరు తోసుకోవడం మొదలైంది. ఒకరోజు గొలుసు పట్టుకొని ఇద్దరు కొలతలవాళ్ళు వచ్చారు. అంగళ్ళ గోడల మీద ఎర్ర రంగుతో నంబర్లు వేసుకుంటూ పోయారు. మాకు గోడ లేదు. మా దగ్గరికి వచ్చి అటూ ఇటూ చూసి, మోరీ మీది రాతిపలక మీద ఒక నంబరు వేసి పోయారు.

"చూసినావా, మోరీకి నంబరొచ్చింది. మనకి రాలేదు" అనింది అక్క.

ఆ వానాకాలంలోనే ఆమె అదే రాతిపలక మీద జారి పడింది. ఎర్ర నంబరు మీదే పడింది. తుంటి విరిగిందన్నారు. కృష్ణగిరిలో ఉండే కొడుకు వచ్చి, టెంపోలో చాప పరిచి తీసుకుపోయాడు. పోతూ పోతూ ఆమె నాతో నొప్పి గురించి మాట్లాడలేదు. "గంప బోర్లించి పెట్టు" అనింది. రోజూ ఆమె చోటులో ఒక ఖాళీ గంప బోర్లించి పెట్టేదాన్ని. ఎవరైనా కూర్చోబోతే, ఆ చోటు అక్కది, వస్తుంది, అని చెప్పేదాన్ని.

అనపకాయలు బాగా వస్తున్న రోజుల్లో మైకు కట్టిన జీపు ఒకటి వీధిలో తిరిగింది. పాత బజారు తీసేసి కొత్త మార్కెట్టు కడతారు, రోడ్డు వెడల్పు చేస్తారు, ప్రజలు ఫలానా రోజు బడి హాలుకి వచ్చి తమ అభిప్రాయం చెప్పాలి. తమిళంలో చెప్పారు, కన్నడంలో ఒకసారి చెప్పారు. మేము పని ఆపి విన్నాం. అన్నేళ్ళలో మమ్మల్ని లేవమన్నవాళ్ళున్నారు, జరగమన్నవాళ్ళున్నారు, గంప కాలితో తన్నినవాళ్ళున్నారు. మీరేమంటారు అని అడిగినవాళ్ళు లేరు. గుమ్మడికాయలమ్మే ఆమె, "అడుగుతాండారంటే ఇంక అయిపోయినట్టే లెక్క" అనింది. ఆమె మాట అప్పుడు నాకు నచ్చలేదు.

బడి హాల్లో ముందు కుర్చీలు, వెనక నేల. అంగళ్ళవాళ్ళు కుర్చీల్లో, మేము నేల మీద. గోడకి ఒక పెద్ద నీలం కాగితం అంటించారు. అదే కొత్త మార్కెట్టన్నారు. గీతలు తప్ప నాకేమీ కనబడలేదు. ఆఫీసరు చిన్న వయసువాడు. చెడ్డవాడు కాదు, అది చెప్పాలి. అంగళ్ళవాళ్ళు గంటసేపు లేచి కూర్చుని లేచి కూర్చుని మాట్లాడారు. తరవాత ఆయన మా వైపు చూసి తమిళంలో, మీరూ చెప్పండి అన్నాడు. మాకు తమిళం వస్తుంది, బేరమాడేంత. ఆఫీసులో మాట్లాడేంత రాదు. ఆయనకే తోచి, తెలుగులోనే చెప్పండమ్మా, గుమాస్తాకి తెలుగొచ్చు అన్నాడు.

అప్పుడు కొళాయి ఎక్కడ పెడతారని ఒకామె అడిగింది. ఆకు మీద ఎండ పడకుండా రేకు వేస్తారా అని ఇంకొకామె అడిగింది. ఆయన నీలం కాగితం మీద చెయ్యి పెట్టి, మీకందరికీ సిమెంటు దిమ్మెలు కడతాం, ఇంత ఎత్తు, కొనేవాళ్ళు వంగక్కర్లేదు అని నడుం దగ్గర చెయ్యి పెట్టి చూపించాడు.

గుమ్మడికాయలామె లేచింది. "కొనేవాళ్ళు వంగక్కర్లేదు, సరే సామీ. మేమెట్లా ఎక్కేది? మోకాళ్ళ నొప్పులోళ్ళం. ఒక్కొక్కరికీ ఒక నిచ్చెన ఇస్తారా?"

హాలంతా నవ్వింది. ఆఫీసరు కూడా నవ్వి, దిమ్మె జానెడే ఉండాలని రాసుకో అని గుమాస్తాకి చెప్పాడు. గుమాస్తా రాసుకున్నాడు. నా కళ్ళతో చూశాను.

తరవాత రిజిస్టరు తీశారు. పాత బజారులో ఎవరెక్కడ కూర్చుంటున్నారో చెబితే కొత్తదాంట్లో నంబరిస్తారు. కాగితాలు చెల్లవు, మనిషి రావాలి అన్నాడు. ఎందుకంటే అంగళ్ళవాళ్ళు కొందరు లేనివాళ్ళ పేర్ల మీద కాగితాలు తెచ్చారట. మొదట క్యారెట్ల తోడికోడలు లేచింది. నీ చోటేదమ్మా అంటే, "నా పక్కన కూర్చునేది ఈమె" అని పక్కామెను చూపించింది.

"నీ చోటు అడిగితే ఆమె చోటు చెప్తావేందమ్మా?"

"నాది ఆమె చెప్తాది."

గుమాస్తా తల పట్టుకున్నాడు. ఇద్దరు ముగ్గురు కలిసి ఆ కట్టుబాటు వివరించారు. ఆఫీసరుకి సరదా పుట్టింది. మంచిదే, సాక్షులు ఇక్కడే ఉన్నారన్నమాట అని రాయించుకుంటూ పోయాడు. వరస వరస అయిపోతూ వచ్చింది. ఒక్కొక్కరి చోటు పక్కామె నోట్లోంచి వచ్చి రిజిస్టరులోకి పోతోంది. నా వంతు వచ్చింది. నేను లేచి, సందు పక్క చోటు నిమ్మకాయల అక్కది, కాలు విరిగి కృష్ణగిరిలో ఉంది అన్నాను.

"మరి నీది?"

వెనక్కి తిరిగి చూశాను. అందరూ నేల చూస్తున్నారు. వాళ్ళని నేనేమీ అనను. గోనె తగలనివాళ్ళు చెప్పకూడదు, అది ఒకటి. నంబర్లు మనుషులకంటే తక్కువున్నాయని అప్పటికే హాల్లో గుసగుస, అది రెండోది.

"నువ్వే చెప్పమ్మా, ఫరవాలేదు" అన్నాడు ఆఫీసరు.

పదేళ్ళ పైగా ఆ మాట మింగి మింగి, అడిగినప్పుడు అది గొంతులో లేదు. "నాది చెప్పేది కృష్ణగిరిలో ఉండాది సామీ" అన్నాను. ఆయన విసుక్కోలేదు. వచ్చే వారం ఇంకో కూటం ఉంది, ఆమెను పిలుచుకొని రా, అదే ఆఖరు అన్నాడు.

రెండు రోజులు ఆగి కృష్ణగిరి బస్సెక్కాను. సూళగిరి దాటాక సీటు దొరికింది. ఒళ్ళో పితికిన పప్పు మూట. ఆమెను ఎట్లా తేవాలా అని దారంతా ఆలోచించాను. టెంపో పిలవాలా, బస్సులో వెనక సీటు మీద పడుకోబెట్టాలా. గురుబరపల్లి దగ్గర బస్సు ఆగినప్పుడు, కాలు విరిగిన మనిషిని నా గోనె కోసం మోసుకురావడమేంది అని సిగ్గేసింది. దిగి వెనక్కి పోలేదు మాత్రం.

కొడుకు ఇల్లు చింతపండు మండీ వెనక రెండు గదులు. అక్క నులకమంచం మీద పక్కకి ఒత్తిగిల్లి పడుకొని, కింద పరిచిన చింతకాయలకి చెయ్యి చాపి గింజ తీస్తోంది. కోడలు వాకిట్లో బియ్యం చెరుగుతోంది. అక్క నన్ను చూసి చెయ్యి ఆపలేదు.

"బతికుండావామ్మే?"

"నువ్వుండావా అని చూసేదానికి వచ్చినా."

"సగం ఉండా. నడుం కింద సంగతి అడగొద్దు. ఏం తెచ్చినావు?"

"పితికిన పప్పు."

"మీ మరిది చేనుదా? ఉడకదు అది. రాయి." మూట తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. చాలాసేపు పెట్టుకుంది. "గంప బోర్లించినావా?"

"దినమూ."

కూటం సంగతి మొత్తం చెప్పాను. నీలం కాగితం, దిమ్మెలు, రిజిస్టరు, ఆఖరు వారం. ఆమె వింటూ నాలుగు గింజలు తీసింది.

"ఆయన నీది చెప్పమంటే నువ్వేం జేసినావు?"

"చెప్పలేదు."

"ఏల? నీ నోరు యాడికి పోయింది?"

"నువ్వే గదా గిల్లినావు."

"ఎప్పుడు?"

"నేను బజారుకొచ్చిన మొదటిదినం."

ఆమె నవ్వబోయి తుంటి నొప్పెట్టి ఆగింది. "ఆ పొద్దు గిల్లితే ఈ పొద్దు దాకా మూసుకోనుండావా నువ్వు. అది ఎట్లొచ్చిందో తెలుసునా? మా అత్త కాలంలో ఇద్దరు ఆడోళ్ళు జానెడు చోటుకి నాది నాదని కొట్లాడి, ఒకామె కత్తిపీట ఎత్తింది. ఇంకొకామెకి రెండు వేళ్ళు పోయినాయి. దాని తరవాత పెద్దోళ్ళు పెట్టినారు, ఎవురూ నాది అనకూడదని. అది మనలో మనం నరుక్కోకుండా. ఆఫీసరు మనోడా? ఆయన ముందర ఎంతైనా అనుకో. నేను ఒప్పుకుంటాండా, పో."

"నువ్వు రాలేవా అక్కా?"

ఆమె వాకిలి వైపు చూసింది. కోడలు చేట ఆపింది. "కూర్చోనీ మొదట" అనింది అక్క. ఇంకో చింతకాయ అందుకొని, "నాది నువ్వు చెప్పు. కాలు వస్తే వస్తా. ఎండాకాలానికి వస్తాదేమో" అనింది.

చెప్తానక్కా అన్నాను. అబద్ధం చెప్పాలని చెప్పలేదు. ఆ మాట అన్నప్పుడు నిజంగానే అన్నాను.

ఆఖరు కూటానికి పోతే ఆ చిన్న ఆఫీసరు లేడు. బదిలీ అయిందన్నారు. వచ్చినాయన పెద్ద వయసువాడు, దగ్గుతున్నాడు, తొందరలో ఉన్నాడు. గుమాస్తా మాత్రం పాతవాడే. రాసినవి సరిచూడాలని అందరి పేర్లూ మళ్ళీ పిలుస్తున్నాడు. గిన్నెలో అనపగింజలు వేసుకొని పోయాను. నా వంతు వచ్చేదాకా నేల మీద కూర్చుని పితుకుతూనే ఉన్నాను.

పేరు పిలిచారు. లేచి, వెళ్ళిన వారం చెప్పినట్టే, సందు పక్క చోటు నిమ్మకాయల అక్కది అని మొదలుపెట్టాను.

"ఆమె వచ్చిందా?" అన్నాడు గుమాస్తా.

"రాలేదు సామీ. లేవలేదు. ఎండాకాలానికి వస్తాది."

ఆఫీసరు కాగితం మీదికి వంగి చూశాడు. సందుకీ మోరీకీ మధ్య మా కొలతలో ఒక్కటే చోటు ఉందమ్మా, రెండు లేవు అన్నాడు. గొలుసు పట్టుకొచ్చినవాళ్ళు అట్లా రాసుకుపోయారట. మేమిద్దరం దగ్గర దగ్గరగా కూర్చోవడం చూసి ఒకటే అనుకున్నారేమో.

"ఇద్దరం కూర్చుంటాం సామీ. ఇంత ఇంత" అని చేతులతో చూపించాను. చేతుల నిండా అనపతోలు.

"ఉన్నది ఒకటే. అది ఎవరిదో చెప్పు. ఆమెదా, నీదా?"

ఆమెదే అని ఉంటే కట్టుబాటు నిలిచేది. అది అందరికీ తెలుసు, వెనక ఉన్నవాళ్ళందరికీ. ఆమెదే అంటే రాని మనిషని ఆ చోటు కొట్టేసి ఉండేవాళ్ళు, అదీ అందరికీ తెలుసు. అప్పుడు ఇద్దరికీ ఉండేది కాదు. ఇదంతా నేను ఇప్పుడు కూర్చుని చెబుతున్నాను. అప్పుడు ఇంత లెక్క వేయలేదు. ఇంట్లో ఇద్దరు బిడ్డలు తప్ప ఇంకేమీ తోచలేదు.

"నాది సామీ" అన్నాను.

ఆయన వినలేదు, ఫ్యాను చప్పుడు. మళ్ళీ అడిగాడు. నాది అని మళ్ళీ అనాల్సి వచ్చింది, ఇంకొంచెం గట్టిగా. గుమాస్తా రాసుకొని నా వేలికి సిరా పూయబోతే, సంతకం వచ్చు అన్నాను. పెట్టాను. వెనక ఎవరో నాలుకతో చప్పుడు చేశారు.

అంతటితో అయిపోలేదు. నా తరవాత పేరు పిలిచిన ఆమె వెళ్ళిన వారం పక్కామె చోటు చెప్పిన మనిషి. ఆమె లేచి, పక్కకి చూడకుండా, "మూల చోటు నాది" అనింది. దాని తరవాతది కూడా అదే అనింది. క్యారెట్ల తోడికోడళ్ళు ఇద్దరూ ఒకేసారి లేచి ఒకే చోటు చూపించి నాది నాదన్నారు. ఆఫీసరు బల్ల మీద కొట్టి కూర్చోబెట్టాల్సి వచ్చింది. మా అక్క అత్త కాలం నుంచి నిలిచింది ఒక మధ్యాహ్నం నిలవలేదు. మొదట అన్నది నేను. మిగతావాళ్ళు అనకుండా ఉండేవాళ్ళా అంటే ఉండేవాళ్ళు కాదేమో. కానీ మొదట అన్నది నేనే.

కొత్త మార్కెట్టు కట్టడానికి ఏడాది దాటింది. ఈ లోపల రోడ్డు పక్కన దుమ్ములో అమ్ముకున్నాం. తెరిచిన రోజు పోయి చూస్తే దిమ్మెలు నడుమెత్తు ఉన్నాయి. జానెడు అని రాసుకున్నది ఏమైందో అడగడానికి అక్కడ ఎవరూ లేరు. కొళాయి ఆ చివర ఉంది, నీళ్ళు లేవు. మా వరస మీద రేకు లేదు. నా నంబరు దిమ్మెకి ఎక్కడానికి ఒక పాత టమాటా పెట్టె వేసుకున్నాను. పైన కూర్చుంటే పెళ్ళిలో కూర్చోబెట్టినట్టుండేది, కింద మనుషుల తలలు కనబడేవి, పాపిళ్ళు కనబడేవి. గుమ్మడికాయలామె తన దిమ్మె నుంచి కేకేసి, "ఏమ్మే రాణీ, ఆడినుంచి కృష్ణగిరి కొండ కనబడతాండాదా?" అనేది. నేను వినబడనట్టు పితికేదాన్ని.

కృష్ణగిరికి మళ్ళీ పోలేదు. ఇవాళ పోదాం, రేపు పోదాం అనుకుంటూనే ఒక ఎండాకాలం అయిపోయింది, ఇంకో ఎండాకాలం వచ్చింది. పోయి ఏం చెప్పాలి?

ఆ రెండో ఎండాకాలంలో ఒక పొద్దున కొనేవాళ్ళ తలల మధ్య ఒక నెరిసిన తల ఆగింది. ఎత్తి చూసింది. చేతిలో కర్ర, ఇంకో చేతిలో సంచీ. నడుస్తోంది గానీ, ఒక పక్కకి ఒరిగి.

"మేడెక్కినావే" అనింది.

పెట్టె మీద కాలేసి దిగాను. మొదట ఏం చెప్పాలని ఏడాదికి పైగా అనుకున్నానో అదే చెప్పాను. "అక్కా, ఒకటే చోటు ఇచ్చినారు. నాదని చెప్పినా."

"తెలుసు. గుమ్మడికాయలది ఆ నెలలోనే చింతపండుకొచ్చి చెప్పిపోయింది."

"కోపం లేదా?"

"ఏల లేదు? ఉండబట్టే ఇన్నాళ్ళు రాలేదు. కాలు పోయిన ఎండాకాలంలోనే వచ్చేసింది."

ఆమె దిమ్మెను కర్రతో రెండుసార్లు తట్టి చూసింది. నడుం దాకా ఉంది. ఎక్కే మాటే లేదు. దిమ్మె పక్కన నేల మీద కర్ర ఆనించి, నా భుజం పట్టుకొని, మెల్లగా కూలబడింది. సంచీలోంచి నిమ్మకాయలు తీసి ఐదేసి కుప్పలు పెట్టుకుంది. ఎవరినీ అడగలేదు.

మధ్యాహ్నం కాకముందే మార్కెట్టు మేస్త్రీ వచ్చాడు. కింద కూర్చోకూడదని తెలియదా, ఇది నడిచే దారి అని గదిమాడు. తరవాత దిమ్మె మీది గంప చూసి, ఈ చోటు ఎవరిది అని అడిగాడు.

నేను పెట్టె పక్కన నిలబడి ఉన్నాను. ఈసారి నాది అనలేకపోయాను. ఆమెది అనడానికీ మొహం లేదు. అక్క నిమ్మకాయల మీదినుంచి తల ఎత్తలేదు.

"ఆ చోటు ఆమెదప్పా" అనింది. "మోరీ పక్కన కూర్చునేది."

ఆ మార్కెట్టులో మోరీ లేదు. మేస్త్రీ అటూ ఇటూ చూసి, రిజిస్టరులో నా నంబరు చూసుకొని, తల ఊపి, కింద కూర్చున్న సంగతి వదిలేసి పోయాడు. నేను కృష్ణగిరి దాకా బస్సెక్కి పోయి అడిగిన మాట అది. అప్పుడు బడి హాల్లో వచ్చి ఉంటే ఆ మాటకి ఒక సంతకం విలువ ఉండేది.

ఆ రోజు నుంచి గంప దిమ్మె మీద పెట్టి నేను కింద కూర్చున్నాను, ఆమె పక్కన గోనె పరుచుకొని. కొన్ని నెలలకి మా వరసలో అందరూ దిగిపోయారు. దిమ్మెల మీద సరుకు, నేల మీద మనుషులు. కొనేవాళ్ళు సరుకు చూడటానికి వంగక్కర్లేదు, డబ్బివ్వడానికి వంగాలి. ఆమె పోయేదాకా అట్లానే కూర్చున్నాం. మేస్త్రీలు మారినప్పుడల్లా ఎవరో ఒకరు దిమ్మె ఎవరిదని అడిగేవాళ్ళు, ఆమె నాదని చెప్పేది. ఆమె చోటు నేను చెప్పాలని ఎదురుచూసేదాన్ని. కానీ అది నేల. నేల ఎవరిదని ఎవరూ అడగలేదు.